ఏడో తరగతి పిల్లలకు పాట, ఆట, బొమ్మల ద్వారా ప్రజాస్వామ్యం నేర్పడం ఎట్లా?

ప్రశ్న: సాంఘికశాస్త్ర ఉపాధ్యాయురాలు, నకిరేకల్ ప్రాంతం

పెద్దలకు, తోటి ఉపాధ్యాయులకు నమస్కారం. నేను నల్లగొండ జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెబుతున్నాను. మా ఏడో తరగతిలో నలభై మంది పిల్లలున్నారు. రాజ్యాంగ సభ 1949 నవంబరు 26న రాజ్యాంగాన్ని ఆమోదించింది కనుక ఏటా ఆ రోజున ప్రార్థన సమయంలో పీఠికను చదివిస్తాము. పిల్లలు గొంతెత్తి, ఒక్క అక్షరం తప్పు పోకుండా చదువుతారు. పోయిన ఏడు అట్లా చదవడం పూర్తయిన తరువాత తరగతి గదిలో, 'మేము అని మొదలుపెట్టారు కదా, ఆ మేములో ఎవరెవరున్నారు?' అని అడిగాను. ఢిల్లీలో ఉండే పెద్ద సార్లు అని ఒకరు, ఎమ్మెల్యేలు అని ఒకరు, ఓటున్నవాళ్లు అని మరొకరు చెప్పారు. మేమున్నామని ఒక్కరూ అనలేదు.

ఆ జవాబులు నన్ను చాలా రోజులు వదలలేదు. పాఠంతో కానిది పాటతో అవుతుందేమోనని, ఓటు విలువ మీద బతుకమ్మ బాణీలో ఒక పాట తయారుచేశాను. పాట నేనే రాశాను, గొంతు బాగున్న ఐదుగురిని నేనే ఏరుకున్నాను, మిగిలిన ముప్పై ఐదు మందిని వెనుక నిలబెట్టి చప్పట్లు కొట్టించాను. మండల స్థాయిలో అందరూ మెచ్చుకున్నారు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నా పక్కన కూర్చున్న పిల్లవాడు, 'టీచర్, నేను జెప్పిన నల్లా ముచ్చట పాటల పెట్టలే గద' అన్నాడు. నిజమే. బడిలో నాలుగు నల్లాలుంటే మూడింటికి తిప్పే పిడి లేదని సాధన రోజుల్లో అతడొక చరణం చెప్పాడు. అతిథుల ముందు అది బాగుండదని నేనే పక్కన పెట్టాను. ప్రజాస్వామ్యం మీద పాట పాడిస్తూ, ఆ పాటలోకి ఏ మాట రావాలో ఏ మాట రాకూడదో నేనొక్కదాన్నే తేల్చేశానన్న సంగతి అప్పటిదాకా నాకు తట్టనే లేదు.

ఈసారి అట్లా చేయదలచుకోలేదు. మన ప్రాంతంలో బతికి ఉన్న కళారూపాల్లో ఏది ఈ పనికి తగినదో, పాడడం రాని పిల్లలు, నలుగురిలో నోరు విప్పని పిల్లలు ఏం చేయాలో, ఎక్కువమంది మాట నెగ్గడమొకటే ప్రజాస్వామ్యం కాదని పదకొండు పన్నెండేళ్ల వయసు వారికి ఎట్లా అనుభవంలోకి తేవాలో అనుభవజ్ఞులు చెప్పగలరని అడుగుతున్నాను. మా ఊళ్లో భజన మండలి వారు జడ కోలాటం నేర్పడానికి సిద్ధంగా ఉన్నారు. మా ప్రధానోపాధ్యాయులు సహృదయులే కాని, బడిలోకి రాజకీయం వస్తుందేమోనని వెనుకాడుతున్నారు. ఆ భయాన్ని కూడా కొట్టిపారేయలేను.

జవాబు 1: విశ్రాంత తెలుగు పండితుడు, వనపర్తి

అమ్మా, ఆ పిల్లవాడు ఆటోలో అడిగిన మాట దగ్గరే మీ పాఠం మొదలైంది. దానిని గుర్తించిన మీకు నేను చెప్పవలసింది కొంచెమే అయినా, ముప్పై ఏళ్లు బడిలో కథలు చెప్పించినవాడిని కనుక వివరంగానే రాస్తున్నాను.

మీరు వెతుకుతున్న రూపం బుర్రకథ అని నా అభిప్రాయం. ఇందులో ముగ్గురుంటారన్నది అందరికీ తెలిసినదే. నడుమ కథకుడు తంబురా మీటుతూ, వేళ్లకు అందెలు తొడుక్కొని కథ నడుపుతాడు. ఇరువైపులా గుమ్మెటలతో ఇద్దరు వంతలు నిలబడతారు. ఒకవైపు వంత హాస్యం చెబుతాడు. రెండో వైపు వంతకు ఉన్న పేరే 'రాజకీయం'. నడుస్తున్న కథలోకి ఇవాళ్టి సంగతిని తెచ్చి, కథకుణ్ణి ఆపి ప్రశ్నించడం అతని పని. ఇప్పుడు మనవాళ్లు 'వంత పాడటం' అనే మాటను, పెద్దవాడు ఏది చెప్పినా తలూపడం అనే అర్థంలో వాడుతున్నారు. బుర్రకథలో రాజకీయం చెప్పే వంత ఆ పని చేయడు. రాజుగారు వెయ్యి పుట్ల వడ్లు దానం చేశారని కథకుడు పాడితే, 'ఆగు, ఆ వడ్లు పండించింది ఎవరు, రాజుగారా?' అని అతడు అడగాలి. దానికి జవాబు చెప్పిన తరువాతనే కథకుడు తరువాతి చరణం ఎత్తుకోవాలి. నిండు శాసనసభలో ప్రతిపక్షం చేయవలసిన పని ఏమిటని ఏడో తరగతి పిల్లవాడికి నిర్వచనంగా చెప్పడం కన్నా, ఒక గంటసేపు వాడి చేతికి గుమ్మెట ఇచ్చి అటువైపు నిలబెట్టడం మేలు. అడ్డగించి అడగడం అమర్యాద కాదని, ఆ అడ్డు లేకపోతే కథే సాగదని వాడికి ఒంటితో తెలుస్తుంది.

చేయించే తీరు ఇది. నలభై మందిని ఐదుగురి చొప్పున ఎనిమిది జట్లు చేయండి. ప్రతి జట్టులో ముగ్గురు నిలబడి కథ చెబుతారు, ఇద్దరు కింద కూర్చొని కథ రాస్తారు. చరణం మారినప్పుడల్లా తంబురా చేతులు మారాలి. ఈ నియమం ఒక్కటి మాత్రం సడలించవద్దు. ఎందుకంటే, చక్కగా పాడే పిల్లకే తంబురా అప్పగించితే వారం తిరిగేసరికి ఆమె రాణి అవుతుంది, తక్కినవారు ప్రజలవుతారు. గొంతు బాగాలేని పిల్లవాడు వచనంలో చెప్పవచ్చును. బుర్రకథలో వచనానికి పాటతో సమానమైన స్థానం ఉంది.

అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త మరొకటి. రాజకీయం చెప్పే వంత అడగవలసిన ప్రశ్నలను మీరు రాసి ఇవ్వకండి. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఈ పొరపాటు ఏళ్ల తరబడి చేశాను. ప్రశ్నలు నేనే రాసి, జవాబులు కూడా నేనే రాసి కంఠస్థం చేయించేవాడిని. పిల్లలు గడగడ చెప్పేవారు, చూసినవారు మెచ్చుకునేవారు, ప్రశ్నించడం మాత్రం ఏ ఒక్కరికీ రాలేదు. చివరి రెండేళ్లలో పద్ధతి మార్చాను. వంత వేషం కట్టే పిల్లవాడు ఉదయం పూట తరగతి అంతా తిరిగి ప్రశ్నలు పోగు చేసుకోవాలి. నలుగురిలో నోరు విప్పని పిల్లలు చీటీ మీద రాసి ఇవ్వవచ్చును. కథకుడికి ఆ ప్రశ్నలు ముందుగా తెలియకూడదు. మొదటి వారమంతా కథ ఎక్కడికక్కడ ఆగిపోయింది. ఏం చెప్పాలో తోచక కథకులు నిలబడిపోయారు. నేను ఊరుకున్నాను. రెండో వారంలో ఒక అమ్మాయి, 'దీనికి జవాబు నాకు తెల్వది, కనుక్కొని రేపు చెప్త' అని తంబురా మీటింది. అంతమంది ముందు తెలియదని ఒప్పుకొని, రేపటికి మాట ఇచ్చి, మరునాడు నిజంగానే జవాబు తెచ్చిన ఆ పిల్లను నేను ఇప్పటికీ మరువలేదు.

ఇంకొక మాట. మా పాలమూరు వైపు కిన్నెర మీద పండుగల సాయన్న కథ పాడతారు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చిన తరువాత ఈ కథ మన పిల్లలకు కూడా కొంత తెలిసింది. ఉన్నవాళ్లను దోచి లేనివాళ్లకు పెట్టిన వీరుడిగా జనం అతణ్ణి పాటలో నిలుపుకున్నారు. పాట విన్న తరువాత పిల్లలను ఒకటే అడగండి: ఆ రోజుల్లో ఆకలైనవాడు ఎవరి దగ్గరకు పోయి అడగాలి? గ్రామసభ లేదు, ఓటు లేదు, న్యాయస్థానం అందుబాటులో లేదు. అందుకని వీరుడి కోసం కాచుకొని కూర్చోవలసి వచ్చింది. వీరుడు రాని ఊరి గతి ఏమిటి? వీరుడే అన్యాయం చేస్తే అతణ్ణి ఎవరు అడగాలి? ఈ ప్రశ్నలకు పిల్లలు చెప్పే జవాబుల్లోనే ఎన్నికలు, పంచాయతీలు ఎందుకు కావలసి వచ్చాయో బయటపడుతుంది. సాయన్నను తక్కువ చేయనక్కరలేదు. పాటలో అతని మీద జనానికున్న ప్రేమను మొదట వారు మనసారా విననివ్వండి.

జవాబు 2: నాటక కళాకారుడు, మునుగోడు ప్రాంతం

మేడమ్ గారికి నమస్కారం. పండితుల వారు బుర్రకథ గురించి చెప్పింది అక్షరాలా నిజం. నేను దానికి మన జిల్లాలో జరిగిన ఒక కథావస్తువును జోడిస్తాను.

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నియోజకవర్గం నుంచి 480 మంది అభ్యర్థులు బరిలో నిలిచారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోతున్న ఊళ్ల గోడు ఎంత మొత్తుకున్నా ఎవరూ వినడం లేదని, జలసాధన సమితి పిలుపుతో రైతులు, సాధారణ ప్రజలు నామినేషన్లు వేశారు. అప్పటికి కాగితపు బ్యాలెట్లే ఉండేవి. అన్ని పేర్లు, అన్ని గుర్తులు అచ్చు వేయవలసి వచ్చేసరికి బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా పడింది, నల్లగొండ నీళ్ల సంగతి దేశమంతా చదివింది. ఆ ఏడాదే చట్టాన్ని సవరించి లోక్‌సభ అభ్యర్థుల ధరావతును 500 రూపాయల నుంచి 10,000 రూపాయలకు, దళిత, గిరిజన అభ్యర్థులకైతే 250 నుంచి 5,000 రూపాయలకు పెంచారు. గుర్తింపు పొందిన పార్టీ తరఫున నిలబడని అభ్యర్థిని పది మంది ఓటర్లు ప్రతిపాదించాలని నిబంధన పెట్టారు.

దీనిని మేము ఒక వేసవి శిబిరంలో పిల్లలతో ఆడించాము. ప్రతి పిల్లవాడూ అభ్యర్థే. ఒక్కొక్కరు ఒక్కొక్క కాగితం మీద తమ పేరు, తమకు నచ్చిన గుర్తు గీసి ఇస్తే అన్నిటినీ దారంతో కుట్టి పుస్తకం చేశాము. తరువాత ఒకరొకరుగా వచ్చి ఆ పుస్తకంలో తాము ఓటు వేయదలచిన గుర్తును వెతుక్కోవాలి. వెతుకుతున్నంతసేపు మిగిలినవారు ఖాళీ బిందెల మీద దరువు వేయాలి. వేరే వాయిద్యం పెట్టలేదు. తెల్లవారుజామున నీళ్ల కోసం బిందెలు మోసిన ఊళ్లకు ఆ చప్పుడు కన్నా తగిన సంగీతం లేదని మాకనిపించింది. ఖాళీ బిందె ఒకలా మోగుతుంది, సగం నిండిన బిందె మరొకలా మోగుతుంది. ఆ తేడాను పట్టుకొని పిల్లలే వరుస కట్టుకున్నారు.

నాటకం అక్కడ ఆపకూడదు. అసలు వాదన తరువాత మొదలవుతుంది. ధరావతు పెంచడం న్యాయమా అని అడిగి పిల్లలను రెండు పక్షాలు చేయండి. ఇంత మంది నిలబడితే ఎన్నిక జరపడమే కష్టమవుతుందని అధికారుల పక్షం చెప్పాలి. పది వేలు లేని రైతు ఇక పోటీ చేయలేడు కదా, మా గోడు చెప్పుకునే ఆ ఒక్క దారీ మూసేశారు కదా అని రైతుల పక్షం చెప్పాలి. ఇరవై నిమిషాల తరువాత వేషాలు మార్చుకొని, ఇంతసేపు తాము ఖండించిన మాటనే ఇప్పుడు సమర్థించాలి. పిల్లలకు ఇది చాలా కష్టంగా ఉంటుంది, కొందరికి కోపం వస్తుంది. అవతలివాడి మాటను అవతలివాడికి నచ్చేటట్లు చెప్పగలగడం నాటకం నేర్పినంత సూటిగా మరేదీ నేర్పదని నా నమ్మకం.

చేతులు జోడించి ఒక్క విన్నపం చేస్తున్నాను. ఫ్లోరోసిస్ సోకినవారి నడకను, వంగిన కాళ్లను పిల్లల చేత అనుకరింపచేయకండి. చూసేవారిలో ఆ బాధ పడుతున్న తాత ఉంటాడు, అవ్వ ఉంటుంది. మేము మొదటిసారి ఆ తప్పు చేశాము. ప్రదర్శన నడుమ ఒక పెద్దాయన లేచి వెళ్లిపోయాడు. ఆయన ఏమీ అనలేదు. ఆ మరునాడే ఆ దృశ్యం తీసేసి, దాని బదులు ఒక బిందెను రంగస్థలం నడుమ పెట్టి దాని మీద వెలుగు పడేటట్లు చేశాము.

జవాబు 3: న్యాయవాది, మహబూబ్‌నగర్

ఇక్కడ ఎవరూ ఎత్తని ఒక విషయం చెప్పడానికి రాస్తున్నాను. నేను చదువుకున్న బడిలో జెండా పండుగ వచ్చిందంటే డప్పు వాయించే పని మాకు, అంటే మా వాడ పిల్లలకు, చెప్పకుండానే పడేది. దరువు వేయడం నాకు ఇష్టమే. మా నాయన దగ్గర నేర్చుకున్న విద్య అది. కాని పాట పాడేందుకు ఎవరు వస్తారని సార్లు తరగతి మొత్తాన్ని అడిగేవారు, డప్పు దగ్గరికి వచ్చేసరికి నేరుగా మా నలుగురి వైపు చూసేవారు. ఆ రోజు వేదిక మీద సమానత్వం గురించి పాటే పాడుతున్నాము. అంటరానితనాన్ని రద్దు చేసిన 17వ అధికరణం గురించి పరీక్షలో రాసి మంచి మార్కులు తెచ్చుకున్న నేను, ఆ చూపు గురించి మాత్రం ఎవరికీ చెప్పలేకపోయాను.

కనుక మీరు ఏ రూపం ఎంచుకున్నా, మొదట చూడవలసింది పనులు ఎవరెవరికి ఎట్లా పంచుతున్నారన్నది. ఎవరు డప్పు పట్టాలి, ఎవరు తంబురా పట్టాలి, ఎవరు తెర గుంజాలి, కార్యక్రమం అయిపోయాక ఎవరు ఊడ్వాలి అన్నవి చీటీలు వేసి తేల్చండి. ఆడపిల్లలకు హారతి పళ్లెం, మగపిల్లలకు మైకు అనే అలవాటు కూడా అప్పుడే తెగుతుంది. డప్పు కొట్టడం వచ్చిన పిల్లవాడు తనంతట తాను ముందుకు వస్తే అతణ్ణి మిగిలినవారికి గురువుగా నిలబెట్టండి. ఊళ్లో డప్పు కళాకారుణ్ణి నేర్పడానికి పిలిస్తే, సంగీతం మాస్టారుకు వేసినట్లే కుర్చీ వేయండి, ఆయనకు ఇవ్వవలసిన రుసుము ముందే మాట్లాడి ఇవ్వండి. పిల్లలు మన మాటల కన్నా ఆ కుర్చీని ఎక్కువ గమనిస్తారు.

ప్రధానోపాధ్యాయుల వారి భయం గురించి కూడా చెబుతాను. అది అర్థం చేసుకోదగిన భయమే. మన తెలంగాణలో పాట ఎప్పుడూ పోరాటం పక్కనే నడిచింది. సాయుధ పోరాట కాలంలో సుద్దాల హనుమంతు గారు ఊరూరా తెలిసిన గొల్లసుద్దుల రూపాన్ని తీసుకొని జనానికి రాజకీయం చెప్పారు. పాటకు ఉన్న ఆ బలం వల్లనే, బడిలో అది ఒక పార్టీ చేతి పనిముట్టు కాకుండా చూసుకోవాలి. పార్టీల పేర్లు, జెండాలు, గుర్తులు, నాయకుల పేర్లు పాటలోకి రాకూడదన్న నియమాన్ని పిల్లలకు కారణంతో సహా వివరించి పెట్టండి. అయితే నల్లాకు పిడి లేదన్నది పార్టీ సంగతి కాదు. అది ఆ నీళ్లు తాగే పిల్లల సంగతి. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన, మన దేశం 1992లో అంగీకరించిన బాలల హక్కుల ఒడంబడికలోని 12వ అధికరణం, తమకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు పిల్లలకు ఉందని, వారి వయసుకు, పరిణతికి తగినట్లు ఆ అభిప్రాయాన్ని లెక్కలోకి తీసుకోవాలని చెబుతుంది. పద్దెనిమిది నిండేదాకా ఓటు రాదు కాని, నోరు పుట్టుకతోనే వచ్చింది కదా. ఈ అధికరణం చూపించి మాట్లాడితే ప్రధానోపాధ్యాయులకు కూడా ధైర్యంగా ఉంటుంది.

జవాబు 4: చిత్రలేఖన ఉపాధ్యాయుడు, గద్వాల

పాడలేని, ఆడలేని పిల్లల గురించి మేడమ్ గారు అడిగారు. వారి కోసం రెండు పనులు చెబుతాను.

మన రాజ్యాంగం తొలి ప్రతి చేతిరాతతో ఉన్న బొమ్మల పుస్తకం అని పిల్లలకు చెబితే వారి కళ్లు పెద్దవవుతాయి. ఆంగ్ల ప్రతిని ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయ్‌జాదా చేత్తో రాశారు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్, ఆయన శిష్యులు పుటలను అలంకరించారు. పీఠిక ఉన్న పుటను బ్యోహార్ రామ్‌మనోహర్ సిన్హా తీర్చారు. ఆ తొలి పీఠికలో 'సామ్యవాద', 'లౌకిక' అనే మాటలు ఉండవు, 1976లో చేసిన 42వ సవరణతో అవి చేరాయి. దీనివల్ల రాజ్యాంగం రాతి మీద చెక్కినది కాదని, ప్రజలు ఎన్నుకున్నవారు దాన్ని సవరించగలరని, ఆ సవరణల మీద వాదించుకోవడం కూడా సక్రమమేనని పెద్ద తరగతుల పిల్లలకు చెప్పవచ్చు. మొహెంజొదారో ముద్ర మీది ఎద్దు నుంచి గాంధీజీ దండి యాత్ర వరకు ఆ పుటల్లో కనిపిస్తాయి. మీ పిల్లలను అడగండి: ప్రాథమిక హక్కుల భాగానికి మన ఊరి బొమ్మ ఒకటి వేయమంటే ఏది వేస్తారు? మా తరగతిలో ఒక అమ్మాయి తాళం వేసిన గ్రంథాలయం తలుపు గీసింది. నేను దానికి వివరణ అడగలేదు.

రెండోది గుర్తులు. 1951-52 మొదటి సార్వత్రిక ఎన్నికల్లో అభ్యర్థికొక పెట్టె పెట్టి, దాని మీద అతని గుర్తు అతికించారు. చదువు రానివారు ఎంతోమంది ఉన్న దేశంలో బొమ్మ లేనిదే ఓటు లేదు. తరగతి నాయకుడి ఎన్నికకు మీ పిల్లల చేత గుర్తులు గీయించి, వాటిని ఇంటికి తీసుకెళ్లి చదువు రాని నాయనమ్మకు చూపమనండి. ఆమె వెంటనే పోల్చుకుంటేనే ఆ గుర్తు చెల్లుతుంది. బొమ్మ ఎంత అందంగా ఉన్నా ఆమె పోల్చుకోలేకపోతే మళ్లీ గీయవలసిందే.

జవాబు 5: విశ్రాంత తెలుగు పండితుడు, వనపర్తి

న్యాయవాది గారి మాట చదివి చాలాసేపు ఊరుకున్నాను. జట్లు చేయడం గురించి అంత వివరంగా రాసిన నేను, ఆ జట్లలో ఎవరి చేతికి ఏది వస్తుందన్న సంగతిని తలవనైనా తలవలేదు. నేను కథలు చెప్పించిన రోజుల్లో గుమ్మెట పట్టిన పిల్లలు ఏ వాడ నుంచి వచ్చారో ఇప్పుడు గుర్తు చేసుకుంటే నా మనసుకు కష్టంగా ఉంది. చీటీలు వేయడమే సరైనది. తంబురా చేతులు మార్చాలని నేను చెప్పిన నియమాన్ని గుమ్మెటలకు, చీపురుకు కూడా వర్తింపచేయండి అమ్మా.

ప్రశ్న అడిగిన ఉపాధ్యాయురాలు, మూడు వారాల తరువాత

అందరికీ కృతజ్ఞతలు. జరిగినది రాస్తానని మాట ఇచ్చాను కనుక రాస్తున్నాను.

మొదట ఏ రూపం కావాలో పిల్లలనే తేల్చుకోమన్నాను. ఆ రోజు ముప్పై ఎనిమిది మంది వచ్చారు. గద్వాల సార్ చెప్పినట్లు రెండు అట్టపెట్టెల మీద గుమ్మెట బొమ్మ, కోలాటం కర్రల బొమ్మ అతికించి ఓట్లు వేయించాను. బుర్రకథకు ఇరవై ఒకటి, జడ కోలాటానికి పదిహేడు వచ్చాయి. గెలిచినవారు కేకలు వేశారు. ఓడిన పదిహేడు మంది, వారిలో ఎక్కువమంది ఆడపిల్లలు, మరునాటి నుంచి సాధనకు వచ్చి గోడకు ఆనుకొని కూర్చున్నారు. రమ్మంటే వస్తారు, చెప్పింది చేస్తారు, ముఖంలో మాత్రం వెలుగు ఉండదు. నాకు తోచిన సర్దుబాట్లు నాలుగైదు ఉన్నా చెప్పకుండా ఆపుకోవడం చాలా కష్టమైంది. 'ఎక్కువ ఓట్లు వచ్చినై, అయిపోయింది గద టీచర్' అని గెలిచినవారు అన్నారు. అయిపోయిందా అని ఆ పదిహేడు మందిని అడగమన్నాను. రెండు పీరియడ్లు మాట్లాడుకున్నారు, మధ్యలో ఒకసారి పోట్లాడుకున్నారు.

చివరకు కోలాటం పక్షం నుంచి ఒక అమ్మాయి, రూపం మీరు గెలుచుకున్నారు కనుక కథ మమ్మల్ని ఎంచుకోనివ్వండి అని అడిగింది. పోయిన ఏడు నల్లా చరణం చెప్పిన పిల్లవాడు మొదట ఒప్పుకోలేదు. తన నల్లా కథే కావాలన్నాడు. పండితుల వారు చెప్పిన రాజకీయం వంత సంగతి గుర్తు చేస్తే, వంతగా నల్లా ప్రశ్న అడిగే వీలుంటే సరేనన్నాడు. ఆ వేషం చీటీల్లో అతనికి రాలేదు కాని, వచ్చిన అమ్మాయి అతని దగ్గర ప్రశ్న తీసుకొని రాసుకుంది.

ఆడపిల్లలు ఎంచుకున్న కథ నేను ఎదురుచూడనిది. ఆటల పీరియడ్‌లో మైదానమంతా క్రికెట్‌కే పోతోందని, తాము చెట్టు కింద కూర్చొని బ్యాగులకు కాపలా ఉంటున్నామని రాసుకొచ్చారు. ఆరేళ్లుగా ఈ బడిలో ఉన్న నేను ఆ చెట్టు కింద వారిని రోజూ చూస్తూనే ఉన్నాను, నీడకు కూర్చున్నారనుకున్నాను. కథలో కథకురాలు మైదానం గొప్పతనాన్ని పాడుతుంటే, వంత ఆపి, 'ఆ మైదానంల మా అడుగు ఏడబడ్డది?' అని అడుగుతుంది. అబ్బాయిలే ఆ చరణానికి గుమ్మెట వాయిస్తున్నారు. డప్పు నేర్పడానికి వచ్చిన కళాకారునికి కుర్చీ వేశాము, రుసుము ముందే ఇచ్చాము.

నిన్న ప్రధానోపాధ్యాయులు కథ ప్రతిని చదివి, నల్లా ప్రశ్న ఉండవచ్చునన్నారు. నల్లాల పిడులు రేపే వేయిస్తామన్నారు కూడా. మైదానం చరణంలో ఒక పంక్తి మాత్రం తీసేయమన్నారు. నేను దానిని అట్లాగే పిల్లలకు చెప్పాను. ఎందుకు తీసేయాలో ఆయన గదికి వెళ్లి అడుగుతామని, సరైన కారణం చెబితే తామే మారుస్తామని అన్నారు. సోమవారం మూడో పీరియడ్‌లో నలుగురు వెళ్లడానికి ఆయన అనుమతి తీసుకున్నాను. ఆ నలుగురిలో కోలాటం పక్షం వారు ఎందరుండాలన్నది ఇంకా తేలలేదు.